రేకు తుపాకి

గుణదల కొండ దిగుతూ కొన్నాం,
నలభై చెప్పి ముప్పైకి ఇచ్చాడు.
రేకు తుపాకి.
మంగళగిరి దాటకముందే
బస్సులో స్ప్రింగు ఊడింది.
అప్పట్నుంచీ పేలేది మా జెసింత నోరే.

సోమవారం, పన్నెండు దాటి పది నిమిషాలు.
మిర్చి యార్డులో కాటా ముందున్నాను,
ముక్కుకి తువ్వాలు చుట్టుకుని.
"బాలశౌరి గారేనా?
మీ పాప బ్యాగులో ఆయుధం దొరికింది."
ఆయుధం అనే మాటకి
వస్తున్న తుమ్ము వెనక్కి పోయింది.

బ్రాడీపేట బడిలో, ప్రిన్సిపాల్ బల్ల మీద
జిప్పు కవర్లో పడుకుని ఉంది అది.
పక్కన కాగితం: తేదీ, సమయం, సాక్షులు ఇద్దరు.
ఇద్దరూ రెండో తరగతే.
ఒకడికి ముందుపళ్ళు ఇంకా రాలేదు.

లూర్దు మేరి కొంగు సర్దుకుని మెల్లగా అడిగింది,
"మొన్న జనవరి ఇరవయ్యారున
మీ స్టేజీ మీద మా పిల్ల భుజాన
చెక్క తుపాకి పెట్టింది మీరే కదండీ,
అద్దె మూడొందల యాభై కట్టించుకుని."
ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
"అది దేశభక్తి అమ్మా. ఇది క్రమశిక్షణ."

మూడు రోజులు పంపొద్దన్నారు.
కౌన్సెలర్ సంతకం తెమ్మన్నారు.
కుర్చీలో కాళ్ళు నేలకందక ఊపుతూ
జెసింత నా చెవిలో అడిగింది,
కవర్లో దానికి ఊపిరాడుతుందా అని.

ఆ రాత్రి దోమల బ్యాటు చిటపటల మధ్య లెక్కలేశాం.
ఫీజు మిగులుతుంది, వ్యాను డబ్బులూ మిగులుతాయి.
లెక్కలు నేను, తెలుగు తను,
ఇంగ్లీషుకి ఫోనుంది, సైన్సుకి వంటిల్లుంది.
పదోక్లాసు ప్రైవేటుగా కట్టించొచ్చని ఎవరో అన్నారు,
కుదరదని ఇంకెవరో అన్నారు.
మా అమ్మ ఆరోగ్యమ్మ మంచం మీంచే అంది,
"మాదీ ఇంట్లో చదువే కదరా.
ఏమొచ్చింది? వేలిముద్ర వచ్చింది."

అయినా మొదలుపెట్టాం.
మొదటిరోజు పప్పు నానబెట్టి మొలకల పాఠం.
రెండోరోజు యార్డుకి తీసుకెళ్ళాను.
టిక్కీ నలభై రెండు కిలోల మూడొందల గ్రాములు,
గోనె బరువు తీసెయ్యమంటే
బొటనవేలు కొరుక్కుంటూ సరిగ్గానే తీసేసింది.
తేజ ఏదో బ్యాడిగి ఏదో ముడతలు చూసి చెప్పింది.
హమాలీలు చప్పట్లు కొట్టారు.
ఎర్ర గుట్టల మధ్య, ఎర్రబడ్డ కళ్ళతో
తుమ్మీ నవ్వీ, నవ్వీ తుమ్మీ...
చాలు, ఇదే బడి అనుకున్నాను.
ఇంటికొచ్చేసరికి లూర్దు మేరి
టీసీకి అర్జీ రాసి పెట్టింది,
గుండ్రటి దస్తూరి, కొట్టివేతలు రెండే.

మూడోరోజు సాయంత్రం
మెట్ల మీద ఒక్కతే అష్టాచెమ్మా ఆడుకుంటూ,
రెండు వైపులా తనే గవ్వలేసుకుంటూ,
తలెత్తకుండా అడిగింది జెసింత,
"నాన్నా, ఇంట్లో చదివితే
ఇంటర్వెల్ ఎవరితో?"

కుక్కరు కూత వేసింది.
ఎన్నోదో ఇద్దరం లెక్కపెట్టలేదు.

శుక్రవారం గేటు దగ్గర వాచ్‌మన్ బ్యాగు బోర్లించాడు.
టిఫిను డబ్బా, స్కేలు, సగం కొరికిన జామకాయ.
పెన్సిలు మొన వేలికి గుచ్చుకుని చూసుకున్నాడు.
పో అన్నాడు.

స్కూటరు తియ్యబుద్ధి కాక నిలబడ్డాను.
లోపల నీళ్ళ కుళాయిల దగ్గర
ఆ పళ్ళులేని సాక్షి ఎదురుచూస్తున్నాడు.
నా కూతురు రెండు వేళ్ళు కలిపి చాచింది.
శబ్దం నాదాకా రాలేదు.
వాడు ఛాతీ పట్టుకుని, తూలి, గుండ్రంగా తిరిగి
ఎంతో తీరిగ్గా చచ్చిపోయి
లేచి, నిక్కరు దులుపుకుని,
తన రెండు వేళ్ళు చాచాడు.

అర్జీ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది,
ఎగిరిపోకుండా పైన గవ్వల డబ్బా పెట్టాం.
తుపాకి మాత్రం
పెద్ద పరీక్షలయ్యాక తిరిగిస్తారట.
రశీదు ఇచ్చారు.